కుక్క చెవుల శుభ్రత: అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లో చెవి నొప్పితో వచ్చే కుక్కలు ఎక్కువవుతాయి. ల్యాబ్రడార్, కాకర్ స్పానియల్, షిట్జూల్లాంటి వేలాడే చెవులవాటికి లోపల తడి ఆరదు. ఇంట్లో చేసే వైద్యం చాలాసార్లు దాన్ని ముదరబెడుతుంది.

అపోహ: ఇయర్‌బడ్ తిప్పితే గులిమి అంతా వచ్చేస్తుంది.

వాస్తవం: కుక్క చెవి నాళం ముందు కిందికి దిగి, ఆ తర్వాత లోపలికి మలుపు తిరుగుతుంది. బడ్‌కి అంటేది కొంచెమే. మిగతాదంతా ఆ మలుపులో గట్టిగా కూరుకుపోతుంది. శుభ్రం చేయాల్సింది కుక్కల కోసం తయారైన ఇయర్ క్లీనర్‌తో. సీసాను కాసేపు అరచేతుల మధ్య పట్టుకోండి. చల్లటి మందు పోస్తే కుక్క బెదిరి, మళ్లీ చెవి ముట్టుకోనివ్వదు. చెవి దొప్పను పైకెత్తి, సీసా మొనను లోపలికి దూర్చకుండా, నాళం నిండేదాకా పోయండి. రెండు మూడు చుక్కలతో పని కాదు. చెవి మొదట్లో గట్టి గొట్టంలా చేతికి తగిలే చోట 20-30 సెకన్లు పిసకండి. లోపల పిచపిచమని వినిపించాలి, లేదంటే మందు చాలలేదన్నట్టు. ఇక వదిలేసి తల విదిలించనివ్వండి. లోతున్న మురికిని పైకి తెచ్చేది ఆ విదిలింపే (బాత్రూంలో చేస్తే గోడ కడుక్కోవడం తేలిక). చివరగా వేలికి గాజుగుడ్డ చుట్టి, వేలు అందినంత మేరే తుడవండి. రెండో చెవికి వేరే గుడ్డ తీసుకోండి.

అపోహ: స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, కొబ్బరినూనె ఏదైనా పర్లేదు.

వాస్తవం: ఒరుసుకుపోయిన చర్మానికి స్పిరిట్ భగ్గున మండుతుంది. పెరాక్సైడ్ చర్మాన్ని రేపి, తడిని మిగులుస్తుంది. నూనె మురికిని పట్టి ఉంచుతుంది.

అపోహ: వాసన వస్తోందంటే ఇంకాస్త ఎక్కువ కడగాలి.

వాస్తవం: ఇదే అన్నిటికన్నా ప్రమాదం. వాసన, ఎరుపు, చీము, ముట్టుకుంటే కుయ్యిమనడం ఉంటే అది మురికి కాదు, జబ్బు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే, పోసిన మందు మధ్య చెవిలోకి దిగి వినికిడి పోవచ్చు, నడక తూలవచ్చు. డాక్టర్ ముందు ఓటోస్కోప్‌తో (చెవి లోపల చూసే లైటున్న పరికరం) చూసి, గులిమిని స్లైడ్ మీద పరీక్షించాలి. కాఫీ పొడిలా నల్లగా రాలితే చెవి పురుగులే అనుకుంటారు. ఈస్ట్ అనే ఫంగస్ పెరిగినా ముదురు గోధుమరంగు గులిమే వస్తుంది. కిందటిసారి మిగిలిన చుక్కల మందు అందుకే వాడకూడదు. నెలా రెండు నెలలకోసారి తిరగబెడుతుంటే వెనకాల అలర్జీ ఉందేమో చూపించుకోండి. తల ఒక పక్కకు వాలిస్తే ఆ రోజే తీసుకెళ్లండి. దొప్ప దిండులా ఉబ్బినా అంతే; లోపల రక్తం చేరిందన్నమాట, సూదితో గుచ్చొద్దు.

అపోహ: వారం వారం కడగాల్సిందే.

వాస్తవం: బాగున్న చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. వారానికోసారి లోపల చూసి, వాసన చూడండి, చాలు. స్నానమయ్యాక, ఈత కొట్టాక లోపలి తడి మాత్రం తుడిచేయాలి. దొప్ప మడతల్లో గోమారి కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా తిన్నగా లాగండి. కిరోసిన్ పోయొద్దు. నాళం లోపలికి దూరిందా, డాక్టరే తీయాలి.