బడి ఎగ్గొట్టడం, తోటిపిల్లల వేధింపులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: బడి ఎగ్గొట్టేది చదువంటే ఇష్టం లేనివాళ్లే.

వాస్తవం: ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు (32 శాతం) అడిగిన నాటికి ముందు నెలలో ఒక్కసారైనా బడిలో వేధింపులు ఎదుర్కొన్నారని యునెస్కో 2019లో లెక్క తేల్చింది. తరచూ వేధింపులు పడేవాళ్లు బడి ఎగ్గొట్టే అవకాశం మిగతావాళ్లకన్నా రెట్టింపు పైనే. భయం లెక్కలంటేనా, లెక్కల పీరియడ్‌లో వెనక బెంచీవాళ్లంటేనా? హాజరు పట్టీ ఆ ముక్క చెప్పదు.

అపోహ: హాజరు బాగుంది, మా బడిలో ఆ గొడవ లేదు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ తన బడిపిల్లల సర్వేలో 13–17 ఏళ్లవారిని అడిగేది, గత 30 రోజుల్లో అనుమతి లేకుండా ఎన్నిరోజులు మానేశావని. కడుపునొప్పని అమ్మచేత లీవ్ లెటర్ రాయించుకున్న రోజు అందులోకి రాదు. పైగా ఆ ప్రశ్నపత్రం తరగతిలోనే నింపిస్తారు. భయపడి ఆరోజు రానివాళ్లు లెక్కలోకే రారు. అందుకే తరగతి శాతం పక్కనపెట్టి, ఒక్కొక్కరి నెల హాజరు వరస చూడండి: సోమవారాలే మానేస్తున్నారా, పీటీ పీరియడ్ ఉన్న రోజులా? వస్తూ కూడా తప్పించుకునేవాళ్లుంటారు. రోజూ బెల్లు కొట్టాక రావడం, ఇంటర్వెల్‌లో క్లాసు వదలకపోవడం, బాత్రూంకి వెళ్లాల్సివస్తుందని సాయంత్రం దాకా నీళ్లు తాగకపోవడం దానికి గుర్తులు.

అపోహ: చెయ్యి చేసుకుంటేనే వేధింపు.

వాస్తవం: కావాలని వెలివేయడం, రూపాన్ని వెక్కిరించడం కూడా వేధింపే. సమఉజ్జీల కొట్లాట మాత్రం ఇందులోకి రాదు.

అపోహ: ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి సారీ చెప్పిస్తే సరి.

వాస్తవం: పని చెడేది ఇక్కడే. వేధించేవాడి ముందు బాధితుడు నోరు విప్పడు. చెప్పినా, ఆ బాకీ బడి వదిలాక తీరుతుంది. ఫిన్లాండ్ బడుల్లో వేధింపుల్ని ఆపడానికి వాడే కీవా పద్ధతిలో ముందు బాధితుడితో విడిగా మాట్లాడతారు. తర్వాత వేధించినవాళ్లతో ఒక్కొక్కరిగా, ఆపైన ఆ వేధించినవాళ్లందరితో కలిపి. తరగతిలో నలుగురూ మెచ్చే ఇద్దరు ముగ్గురిని బాధితుడికి తోడుండమంటారు. కొన్నాళ్లాగి, వేధింపులు నిజంగా ఆగాయో లేదో మళ్లీ కూర్చోబెట్టి అడుగుతారు. సులువుగా ఎగిరిపోయేది ఈ ఆఖరి మెట్టే. బాధితుడి సెక్షన్ మార్చడం ఇంకో పొరపాటు: బస్సు అదే, ఇంటర్వెల్ అదే, శిక్ష మాత్రం అతనికి.

అపోహ: నాలుగురోజులు ఇంట్లో ఉంచితే సర్దుకుంటుంది.

వాస్తవం: ఇంట్లో భయం తగ్గినట్టే ఉంటుంది, తిరిగి వెళ్లడం మాత్రం రోజురోజుకీ బరువవుతుంది. పాఠాలూ వెనకపడతాయి. పంపేముందు రోజే మూడు సంగతులు పిల్లలతో కలిసి ఖాయం చేసుకోండి: గేటు దగ్గర ఎవరుంటారు, ఇంటర్వెల్‌లో ఎవరి పక్కన ఉండాలి, బెదురు పుడితే ఏ టీచర్ దగ్గరికి వెళ్లాలి. మొదటిరోజు ఒక్కపూటే ఉన్నా ఫర్వాలేదు. బడి పట్టించుకోకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.