పట్నా పుకార్ల నుంచి స్టాన్‌ఫర్డ్ దాకా

"ఎన్ని పేపర్లు రాశారన్న లెక్కతో ఒక పరిశోధకుడి స్థాయి తెలుస్తుందా?" అని డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే ఒక పాఠకురాలు అడిగారు. ప్రమోషన్ల కోసం పేపర్లు కూడబెట్టే టెన్షన్ మన అధ్యాపకులకు కొత్తేమీ కాదు. ఆ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చిన మనిషి లియాన్ ఫెస్టింగర్.

ఫెస్టింగర్ (1919-1989) అమెరికన్ సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన రాసినవాటిలో పాఠ్యపుస్తకాలు వదలనివి ముఖ్యంగా మూడు: మనల్ని మనం పక్కవాళ్ళతో ఎందుకు పోల్చుకుంటామో చెప్పిన 1954 నాటి పేపరు, కాగ్నిటివ్ డిసొనెన్స్ (మనసులోని రెండు విషయాలకు పొంతన కుదరనప్పుడు కలిగే నలుగుడు) సిద్ధాంతం మీద 1957లో వచ్చిన పుస్తకం, కార్ల్‌స్మిత్ అనే పరిశోధకుడితో కలిసి 1959లో రాసిన ఎనిమిది పేజీల ప్రయోగం. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఆ రంగాన్ని వదిలేసి, కంటి చూపు మీద పరిశోధనకు వెళ్ళిపోయారు.

నన్ను పట్టుకుని వదలనిది 1957 నాటి ఆలోచన. దాని వేరు బీహార్లో ఉంది.

1934 జనవరి 15న బీహార్, నేపాల్ ప్రాంతాలను పెద్ద భూకంపం కుదిపేసింది. భూమి అదిరినా ఇళ్ళు కూలని ఊళ్ళలో తిరిగిన పుకార్లను జమున ప్రసాద్ అనే పరిశోధకుడు సేకరించి 1935లో ప్రచురించారు. చంద్రగ్రహణం రోజున మళ్ళీ భూకంపం వస్తుందట. పట్నాను తుపాను ముంచెత్తుతుందట. నేపాల్ సరిహద్దు నుంచి మధుబని మీదికి వరద వచ్చేస్తోందట. గ్రహణానికీ భూకంపానికీ ముడిపెట్టడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. భూకంపం ఫలానా తేదీన వస్తుందని ముందే చెప్పగల పద్ధతి ఈనాటికీ లేదని ప్రతి బడిలోనూ గట్టిగా చెప్పాలి.

ఆ పుకార్ల గురించి చదివిన ఫెస్టింగర్‌ను తికమకపెట్టింది వేరే సంగతి. భయపడ్డవాళ్ళు ధైర్యం చెప్పే మాటలు కదా వినాలనుకుంటారు! అంతకన్నా ఘోరం జరుగుతుందని ఎందుకు నమ్మారు? ఆయన లెక్క ఇది: గుండె దడదడలాడుతోంది. చుట్టూ చూస్తే గోడ కూడా బీటలు వారలేదు. భయం ఉంది, దానికి తగ్గ కారణం లేదు. ఈ రెంటికీ పొంతన కుదరక మనసు నలుగుతుంది. భయాన్ని తీసేయడం మన చేతిలో లేదు, కారణాన్ని పుట్టించడం మాత్రం సులువు. "ముందుంది అసలు ముప్పు" అన్న పుకారు ఆ ఖాళీని పూడుస్తుంది. అంటే ఆ పుకార్లు కొత్త భయాన్ని పుట్టించడానికి కాదు, ఉన్న భయాన్ని సమర్థించుకోవడానికి వచ్చాయి.

మరి నష్టం కళ్ళెదుటే ఉంటే? డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు దుర్గానంద్ సిన్హా చేసిన అధ్యయనం 1952లో అచ్చయింది. అక్కడ విధ్వంసం కళ్ళారా చూసినవాళ్ళలో ఇంకా ఘోరం రాబోతోందనే తరహా పుకార్లు కనిపించలేదు. భయానికి కారణం ఎదురుగానే ఉంది, కొత్తది వెతుక్కోవాల్సిన పని లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్ళు పులకరించే పోలిక!

దీన్నే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోకి తెచ్చింది 1959 నాటి పేపరు. విద్యార్థులు అరగంటసేపు ట్రేలో పన్నెండు దారపు కండెలు పెట్టి తీయాలి, మరో అరగంట 48 చెక్క మేకులను పావు వంతు చొప్పున తిప్పాలి. తర్వాత బయట కూర్చున్న అమ్మాయితో "భలే సరదాగా ఉంది" అని అబద్ధం చెప్పాలి. కొందరికి ఒక డాలరు, కొందరికి 20 డాలర్లు. చివర్లో ఆ పని ఎంత బాగుందో -5 నుంచి +5 దాకా మార్కులు వేయమంటే 20 డాలర్లవాళ్ళ సగటు -0.05, ఒక డాలరువాళ్ళది +1.35. అబద్ధమే చెప్పనివాళ్ళది -0.45. ఇరవై డాలర్లు అబద్ధానికి తగ్గ కారణం. ఒక్క డాలరు చాలలేదు, అందుకే పనే బాగుందని మనసు సర్దుకుంది.

ఈ సిద్ధాంతం అంతటితో ఖాయమైపోలేదు. 2024లో ప్రచురితమైన ఒక ఉమ్మడి పరిశోధనలో 39 ప్రయోగశాలలు, సుమారు 4,900 మందితో ఇదే కోవకు చెందిన మరో ప్రయోగాన్ని మళ్ళీ చేశాయి. తమ అభిప్రాయానికి విరుద్ధంగా వ్యాసం రాసినవాళ్ళు కొంత మారారు. కానీ "రాయడం మీ ఇష్టం" అన్నా, తప్పదన్నా తేడా తేలలేదు. ఇష్టపడి రాసినవాళ్ళే ఎక్కువ మారాలన్నది సిద్ధాంతం చెప్పే మాట. అరవై ఐదేళ్ళ తర్వాత కూడా ఇన్ని ప్రయోగశాలల చేత పని చేయించడం, నా దృష్టిలో, ప్రభావానికి అసలైన కొలత.

హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ అనే పరిశోధకుల స్థాయి సూచిక దీన్ని పట్టుకోలేదు. కనీసం పదేసి సైటేషన్లు (ఇతర పేపర్లలో ఉటంకింపులు) ఉన్న పేపర్లు పది ఉంటే సూచిక పది. అయిదే పేపర్లు రాసినవాళ్ళకు, ఒక్కోదానికి పదివేల సైటేషన్లున్నా, అయిదు దాటదు. ఫెస్టింగర్ వల్ల ప్రసాద్ పేపరుకు ఈ లెక్కలో చేరేది ఆయన పుస్తకం ఇచ్చిన ఒక్క సైటేషన్. ఆ పుస్తకాన్ని ఉటంకించిన వేలాది పేపర్లు పట్నా ఖాతాలో పడవు.