థ్రెడ్లు పెంచితే సర్వర్ తేరుకుంటుందా? అపోహలు - వాస్తవాలు

మొన్న తెల్లవారుజామున 4 గంటలకు భీమవరం నుంచి ఫోను వచ్చింది. రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్ ఎంత ఉందో సెన్సర్ల నుంచి తీసుకుని రైతుల ఫోన్లలో చూపించే సర్వర్ ఆగిపోయిందట. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందే కాబట్టి రైతులందరూ యాప్ తెరిచేదీ అప్పుడే. "అన్నయ్యా, థ్రెడ్లు 200 నుంచి 2000 చేశాను. ఇంకా ఘోరంగా తయారైంది. ఎవరో హ్యాక్ చేశారని ఆఫీసులో అంటున్నారు" అన్నాడు ఆ సర్వర్ చూసుకునే కుర్రాడు. అతని గొంతు వణుకుతోంది. థ్రెడ్ అంటే సర్వర్‌లో ఒక్కో రిక్వెస్ట్‌ను చేపట్టే పనివాడి లాంటిది. ఎవరూ హ్యాక్ చేయలేదు. సర్వర్ నెమ్మదించిన ప్రతిసారీ ఈ పుకారు పుట్టించేవాళ్లు ఒక్కసారైనా లాగ్ (సర్వర్ తన పనులు రాసుకునే చిట్టా) తెరిచి చూస్తే బాగుండును.

అపోహ: థ్రెడ్లు ఎన్ని ఎక్కువ ఉంటే అంతమందికి జవాబు ఇవ్వవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. అతని సర్వర్ లెక్క చూడండి. డేటాబేస్‌కు వెళ్లే దారులే కనెక్షన్లు. వాటిని ముందే తెరిచి ఉంచే పూల్‌లో ఉన్నవి 20. ఒక్కో క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక్కో ప్రశ్నకు, 100 మిల్లీసెకన్లు. అంటే ఒక కనెక్షన్ సెకనుకు 10 క్వెరీలు నడుపుతుంది, 20 కలిస్తే 200. థ్రెడ్లు ఎన్ని పెట్టినా ఈ 200 మారదు. 200 థ్రెడ్లు ఉన్నప్పుడు కనెక్షన్ కోసం వరుసలో చివర నిలబడినవారికి సుమారు ఒక సెకను పట్టేది. 2000 చేసేసరికి అది పది సెకన్లయింది. యాప్ ఐదు సెకన్లే ఆగి మళ్లీ అడుగుతుంది. పాత రిక్వెస్ట్ మాత్రం వరుసలోంచి తప్పుకోదు. దాని వంతు వచ్చాక సర్వర్ క్వెరీ నడిపి, అప్పటికే వెళ్లిపోయిన మనిషికి జవాబు సిద్ధం చేస్తుంది. అలా సర్వర్ రాత్రంతా కష్టపడుతూనే ఉంటుంది, రైతుకు మాత్రం ఏమీ అందదు.

డెల్టాలో పుట్టినవారికి ఇది కొత్త సంగతి కాదు. విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువకు వదిలే నీరు పెరగనప్పుడు, దారి పొడవునా తూములు పెంచినంత మాత్రాన శివారు చేను తడవదు. దాళ్వాలో గోదావరి తగ్గితే వంతులవారీగా నీరిస్తారు. వంతు తప్పితే పైవాళ్లకూ చాలదు, కిందివాళ్లకూ అందదు.

ముందు థ్రెడ్ డంప్ (ఆ క్షణంలో ఏ థ్రెడ్ ఎక్కడ ఉందో చూపే జాబితా) తీయమన్నాను, పది సెకన్ల తేడాతో మూడుసార్లు. మూడింటిలోనూ థ్రెడ్లలో ఎక్కువ భాగం ఒకే చోట ఆగి ఉన్నాయి: పూల్‌ను కనెక్షన్ అడిగే చోట. థ్రెడ్లను మళ్లీ 200కు దించాం. కనెక్షన్ కోసం ఒక సెకను మించి ఆగవద్దని పెట్టాం. క్యూకు హద్దు పెట్టి, అది నిండితే వెంటనే 503, అంటే 'ఇప్పుడు కుదరదు' అనే జవాబు, పంపమన్నాం. యాప్ వెంటవెంటనే కాకుండా ప్రతిసారీ వ్యవధి రెట్టింపు చేసుకుంటూ, కాస్త అటూ ఇటూగా మళ్లీ అడిగేలా మార్చాం. 'రైతును వెనక్కి పంపేస్తామా?' అని అతను బాధపడ్డాడు. ఆ బాధ నాకు అర్థమైంది. కానీ పది సెకన్లు ఆపి ఏమీ ఇవ్వకపోవడం కంటే, రెండు సెకన్ల తరువాత రమ్మనడమే ఆ రైతుకు మేలు.

అసలు జబ్బు తెల్లారాక దొరికింది. చెరువు నంబరు, సమయం మీద ఇండెక్స్ (డేటాబేస్ అంతా వెతక్కుండా కావలసింది త్వరగా దొరికేలా చేసే సూచిక) లేదు. అది పెట్టగానే క్వెరీ 10 మిల్లీసెకన్లకు దిగింది. అవే 20 కనెక్షన్లు లెక్క ప్రకారం సెకనుకు 2000 మోయగలవు.

అపోహ: అయితే కనెక్షన్లే 500 చేసేద్దాం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్, అంటే విడిగా నడిచే ప్రోగ్రాం, ఉంటుంది. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లు నాలుగే ఉన్నచోట 500 ప్రాసెస్‌లు కొట్టుకుంటే ఉన్న వేగమూ పోతుంది.

అపోహ: 2023లో జావా 21తో వర్చువల్ థ్రెడ్లు (లక్షల్లో పెట్టుకోగల తేలికైన థ్రెడ్లు) స్థిరపడ్డాయి, ఇక చింత లేదు. థ్రెడ్ చవకైంది, నిజమే. కనెక్షన్లు ఆ 20 మాత్రమే.

అపోహ: లెక్కకు ఒకటి కలపడం ఒక్క వరుస కోడే, దానికి లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళం) ఎందుకు? ఆ ఒక్క వరుసలో చదవడం, కలపడం, రాయడం అని మూడు పనులున్నాయి. రెండు థ్రెడ్లు ఒకేసారి 41 చదివితే రెండూ 42 రాస్తాయి. ఒకరు రాసిన విలువ మిగతావారికి వెంటనే కనిపించేలా చేసే వొలటైల్ పెట్టినా ఇది ఆగదు. ఈ మూడు పనులనూ విడదీయకుండా ఒక్కటిగా చేసే అటామిక్ ఇంటీజర్ గానీ లాక్ గానీ ఉండాలి. టెస్టింగ్‌లో ఎప్పుడూ రాలేదని చెప్పకండి. ఇద్దరు కూర్చుని బటన్లు నొక్కితే ఇది రాదు.

ఇది నాకు కాకినాడలో, మొదటి ఉద్యోగంలో తెలిసింది. ఒక బియ్యం మిల్లుకు లారీల టోకెన్ ప్రోగ్రాం రాశాను. కోతల రోజుల్లో రద్దీ పెరిగిన ఒక సాయంత్రం, రెండు గేట్ల దగ్గర రెండు లారీలకు ఒకే నంబరు వచ్చింది. డ్రైవర్లు గొడవపడ్డారు. డబ్బు తీసుకుని నంబరు మార్చాడని గేటు దగ్గరి పెద్దాయనను అందరి ముందూ నిలదీశారు. ఆయన ఏ తప్పూ చేయలేదు. లాక్ లేని ఆ వరుస నేను రాసినదే. రాత్రి లాగ్ చూశాక తెలిసింది, రెండు రిక్వెస్టుల మధ్య తేడా మూడు మిల్లీసెకన్లు. మర్నాడు పొద్దున్నే ఆ లాగ్ కాగితం మీద తీసుకెళ్లి యజమానికి చూపించి, ఆయన ముందే ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పాను.