జిర్కోనియా చల్లారితే ఎందుకు పగులుతుంది?

జిర్కోనియా అంటే జిర్కోనియం ఆక్సైడు, ఒక సెరామిక్. స్వచ్ఛమైన జిర్కోనియా పొడిని అచ్చులో నొక్కి 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే ముక్క బాగానే గట్టిపడుతుంది. చిక్కంతా చల్లారేటప్పుడే. వేడి 1000 డిగ్రీల కిందికి దిగుతుండగా ముక్క నిండా బీటలు పడతాయి, ఒక్కోసారి ముట్టుకోగానే రాలిపోతుంది. ఫర్నేస్‌ను ఎంత నెమ్మదిగా చల్లార్చినా లాభం లేదు. స్ఫటికం రూపం మార్చుకోవడమే ఈ పగులుకు కారణం.

మామూలు పీడనం దగ్గర ఈ ఆక్సైడుకు మూడు స్ఫటిక రూపాలున్నాయి. సుమారు 1170 డిగ్రీల దాకా మోనోక్లినిక్ (పక్కకు ఒరిగిన పెట్టె ఆకారం), ఆపైన 2370 దాకా టెట్రాగోనల్ (ఒకవైపు సాగిన ఘనం), అక్కణ్ణుంచి కరిగేదాకా క్యూబిక్ (సమఘనం). మోనోక్లినిక్‌లో ఒక్కో జిర్కోనియం చుట్టూ ఏడు ఆక్సిజన్లుంటే మిగతా రెండింటిలో ఎనిమిది. టెట్రాగోనల్ నుంచి మోనోక్లినిక్‌కు దిగేటప్పుడు పరమాణువులు చెల్లాచెదురు కావు, వరసలు వరసలుగా కలిసి పక్కకు ఒరుగుతాయి. దాంతో ఘనపరిమాణం 4 నుంచి 5 శాతం పెరుగుతుంది. సాగే గుణం లేని సెరామిక్ అంత ఉబ్బును ఓర్చుకోలేదు.

విరుగుడు ఇట్రియా, అంటే ఇట్రియం ఆక్సైడు. 8 మోల్ శాతం (బరువును బట్టి కాక అణువుల లెక్కన శాతం) కలిపితే గది ఉష్ణోగ్రతలోనూ క్యూబిక్ రూపమే నిలుస్తుంది. 3 మోల్ శాతం దగ్గర అసలు తమాషా ఉంది. టెట్రాగోనల్ రూపం నిలుస్తుంది గానీ, ఇష్టపడి కాదు. చుట్టూ ఉన్న రేణువులు నొక్కిపట్టి దాన్ని ఉబ్బనివ్వవు. పగులు బయల్దేరితే దాని మొన దగ్గర ఆ పట్టు సడలుతుంది. అక్కడి రేణువులు మోనోక్లినిక్‌గా మారి, ఉబ్బి, పగులు అంచుల్ని రెండు వైపుల నుంచీ దగ్గరికి నొక్కుతాయి. ముక్కను విరగ్గొట్టిన ఉబ్బే ఇక్కడ కాపలా కాస్తోందన్నమాట. 1975లో గార్వీ, హానింక్, పాస్కో నేచర్ పత్రికలో ఇలాంటి జిర్కోనియా గురించి రాస్తూ ‘సెరామిక్ ఉక్కు?’ అని శీర్షిక పెట్టారు.

ఈ కాపలా రేణువు సైజు మీద ఆధారపడింది. 1450–1500 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాలిస్తే రేణువులు అర మైక్రాన్ లోపే ఉంటాయి. 1600 దాటించారా, మైక్రాన్‌కు మించి పెరిగి, పగులు రాకముందే వాటంతటవే మారిపోయే ప్రమాదం ఉంది. తేమ తగిలినా రేణువులు ఇలాగే మారిపోగలవు. అందుకే శస్త్రచికిత్స ఇంప్లాంట్ల ప్రమాణం ఐఎస్ఓ 13356లో 134 డిగ్రీల ఆవిరిలో 5 గంటల పరీక్ష పెట్టారు.

ఏ రూపం ఎంతుందో ఎక్స్-రే వివర్తనం, అంటే స్ఫటికం ఎక్స్-కిరణాల్ని ఏ కోణాల్లో చెదరగొడుతుందో చూసే పద్ధతి, చెబుతుంది. రాగి నుంచి వచ్చే ఎక్స్-కిరణంతో కొలిస్తే గ్రాఫులో టెట్రాగోనల్ శిఖరం 30.2 డిగ్రీల కోణం దగ్గర, మోనోక్లినిక్‌వి 28.2, 31.4 దగ్గర కనిపిస్తాయి. కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే: అలవాటుగా ముక్కను రోట్లో నూరి పొడి చేస్తారు. ఆ నూరుడుకే టెట్రాగోనల్ రేణువులు మోనోక్లినిక్‌గా మారతాయి, లేని లోపం గ్రాఫులో కనిపిస్తుంది. కాల్చిన ముఖాన్ని ముందు ఉన్నదున్నట్టే కొలవాలి, సాన పట్టడం ఆ తర్వాతే.