బెర్లిన్ నుంచి ఒంటరిగా ఒక్కరోజు ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

పోయిన మంగళవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫోన్ మోగింది. ఎత్తేసరికి అవతల ఏడుపు గొంతు. కొడుకు దగ్గర మూడు నెలలు ఉండి వెళ్దామని పాలకొల్లు నుంచి వచ్చిన ఆంటీ, ఆ రోజే మొదటిసారి ఒక్కరూ బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్ ఊరికి బయలుదేరారు. "అమ్మా, ఇద్దరు వచ్చారు, యూనిఫాం కూడా లేదు, టికెట్ చూపించాను, ఇది చెల్లదంటున్నారు, నన్ను పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తారా?" అని ఒకటే కంగారు. ఆవిడ దగ్గర టికెట్ ఉంది. దాని మీద స్టాంపు కూడా కొట్టుకున్నారు. కానీ అది ఏబీ టికెట్, అంటే బెర్లిన్ పొలిమేర దాకా మాత్రమే చెల్లేది. రైలేమో ఆ పొలిమేరలోని ఆఖరి స్టేషన్ వాన్‌జే దాటేసి గ్రీబ్నిట్స్‌జే చేరింది. 60 యూరోల ఫైన్.

బెర్లిన్‌లో పిల్లల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలకి, కొత్తగా దిగిన స్టూడెంట్లకి చుట్టుపక్కల ఊళ్ళు చూసి సాయంత్రానికి తిరిగొచ్చేలా ప్లాన్ వేసిచ్చే పని నాది. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. ఈ ఫోన్ ప్రతి వేసవిలో వస్తుంది, మనుషులు మారతారు గానీ మాట మాత్రం మారదు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: "టికెట్ కొన్నాం కదా, ఇంక ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అయినా గేట్లు కూడా లేవు, ఎవరు చూస్తారు?"

దయచేసి ఈ మాట మీ అమ్మానాన్నలకి చెప్పకండి. ఇక్కడ స్టేషన్లలో గేట్లు లేకపోవడం నిజమే. హైదరాబాద్ మెట్రోలో కార్డు పెడితేనే లోపలికి వదులుతుంది కాబట్టి, లోపలికి వెళ్ళగలిగామంటే అంతా సరిగ్గానే ఉందని మన మనసు అనుకుంటుంది. ఇక్కడ అలా కాదు. సరైన టికెట్ ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత మొత్తం ఎక్కేవాళ్ళదే. ఎస్-బాన్‌లో (లోకల్ రైలు), యు-బాన్‌లో (మెట్రో) చెకింగ్ వాళ్ళు చాలాసార్లు మామూలు బట్టల్లోనే ఉంటారు, మీ పక్క సీట్లోనే కూర్చుని ఉండి తలుపులు మూసుకోగానే లేచి కార్డు చూపిస్తారు. "తెలియదండీ, కొత్తండీ" అన్నా మాఫీ లేదు.

జోన్ల సంగతి ఒక్కసారి బుర్రకి ఎక్కించుకుంటే చాలు. ఊరి మధ్య భాగం చుట్టూ తిరిగే రింగ్ రైలుకి లోపలున్నది ఏ, అక్కడి నుంచి బెర్లిన్ పొలిమేర దాకా బీ, ఆ పొలిమేర బయట సీ. ఊళ్ళో తిరగడానికి అందరూ కొనేది ఏబీ. కానీ ఒక్కరోజు ప్రయాణమంటే ఊరు దాటడమే కదా! పోట్స్‌డామ్ సీ, ఒరానియెన్‌బుర్గ్ సీ, బెర్నౌ సీ, ఆఖరికి మీరు దిగిన విమానాశ్రయం కూడా సీనే. ఎస్7 అనే ఎస్-బాన్ లైన్‌లో పోట్స్‌డామ్ వైపు వెళ్తుంటే బీ జోన్‌లో ఆఖరి స్టేషన్ వాన్‌జే. ఎస్1లో ఒరానియెన్‌బుర్గ్ వైపు అయితే ఫ్రోనౌ, ఎస్2లో బెర్నౌ వైపు అయితే బూఖ్. ఈ మూడు పేర్లు ఒక కాగితం మీద రాసి అమ్మ పర్సులో పెట్టండి. గీత దాటుతున్నట్టు రైలు బయట ఏమీ కనిపించదు, అవే చెట్లు, అవే ఇళ్ళు. ఏబీ టికెట్ ఉన్నవాళ్ళు సీ కోసం అదనపు టికెట్ కొనుక్కోవచ్చు, కానీ వెళ్ళి రావాలంటే ముందే ఏబీసీ 24 గంటల టికెట్ తీసుకోవడం తేలిక. ఒకసారి వెళ్ళడానికి కొనే సింగిల్ టికెట్ రెండు గంటలు పనిచేస్తుంది, అదీ ఒకే దిశలో. ఆ రెండు గంటల్లోనే తిరిగొచ్చేసినా అది వెనక్కి రావడానికి చెల్లదు.

ఇంకోటి స్టాంపు. మెషీన్‌లో కొన్న కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫారం మీద ఉండే చిన్న పెట్టెలో దూర్చాలి. టక్‌మని చప్పుడు వస్తుంది, తీసి చూస్తే తారీఖు, టైము పడి ఉంటాయి. అవి పడకపోతే ఆ టికెట్ కొననట్టే లెక్క, అదే 60 యూరోలు. అచ్చు పడిందో లేదో కళ్ళజోడు పెట్టుకుని చూసుకోమని నేను పెద్దవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తాను, ఎందుకంటే తిరగేసి దూర్చి "కొట్టేశాం" అనుకున్నవాళ్ళని చూశాను.

ఇక అన్నిటికంటే ఎక్కువ నన్ను బాధపెట్టేది కొడుకు పాస్ వ్యవహారం. అబ్బాయికి డాయిష్‌లాండ్ టికెట్ ఉంటుంది, అంటే జర్మనీ అంతటా లోకల్ రైళ్ళలో, బస్సుల్లో చెల్లే నెల పాస్. ఆ రోజు ఇంట్లోంచే పని. "నా పాత ఫోన్‌లో వేసిస్తాను, చూపించు అమ్మా, ఏం కాదు" అంటాడు. ఏం కాకపోవడం ఏమిటి? దాని మీద పేరు ఉంటుంది, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అడుగుతారు. ఇంకొకరి పాస్ మీద ప్రయాణించడం పొరపాటున జోన్ దాటడం లాంటిది కాదు, కావాలని చేసిన మోసంగా చూస్తారు. ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్తాను. పేరు లేకుండా ఇచ్చే నెల పాస్ ఒకటి బెర్లిన్‌లో వేరే ఉంది, దాన్ని ఇంట్లో ఎవరైనా వాడుకోవచ్చు. ఎప్పుడో దాని గురించి విన్నవాళ్ళు ఆ మాటని దీనికి అంటగట్టి గ్రూపుల్లో తిప్పుతున్నారు. 2023 మేలో 49 యూరోలతో మొదలైన డాయిష్‌లాండ్ టికెట్ 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. మూడు నెలలు ఉండే అమ్మకి, వారానికి రెండు ఊళ్ళు చూడాలనుకునే అమ్మకి, తన పేరు మీదే ఒకటి తీసుకుంటే డబ్బు ఎక్కడికీ పోదు. అది క్యాలెండర్ నెల లెక్కన నడుస్తుంది, కాబట్టి ఇరవయ్యో తారీఖున దిగినవాళ్ళు ఆ నెలకి ఆగడమే మేలు. చందా లాంటిది, దానంతటదే కొనసాగుతుంది. ఆపాలంటే ఆ నెల పదో తారీఖు లోపు రద్దు చేయాలి, ఇది మర్చిపోయి ఇండియా వెళ్ళాక కూడా కట్టినవాళ్ళు ఉన్నారు.

60 యూరోలు పోతే పోయాయి, ఎవరో ఒకరు కడతారు. ఆ తర్వాత జరిగేది నాకు ఎక్కువ భయం. ఆ మనిషి మళ్ళీ గడప దాటరు. పొద్దున ఎనిమిదింటికి పిల్లలు ఆఫీసుకి వెళ్తే సాయంత్రం ఆరింటి దాకా నాలుగో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని మిగిలిన రెండున్నర నెలలూ గడిపేస్తారు. మా అమ్మ వచ్చినప్పుడు అలాగే అయింది. నేనే సరిగ్గా చెప్పకుండా పంపాను, ఫైన్ పడింది, ఎంత బతిమాలినా మళ్ళీ ఒక్కతే వెళ్ళలేదు. ఆ ఏడాది మేమిద్దరం కలిసి ఊళ్ళు చూసింది ఆదివారాల్లో మాత్రమే.

అపోహ: "ఒకసారి ఫైన్ పడితే వీసా పోతుంది, మళ్ళీ రానివ్వరు."

ఈ పుకారు పుట్టించినవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. పొరపాటున పడిన 60 యూరోలు రవాణా సంస్థకి మీరు కట్టాల్సిన బాకీ, అంతే. చీటీ ఇస్తారు, గడువులోపు అకౌంట్‌లో వేస్తే ముగిసింది. కట్టకుండా ఊరుకోవడం, పదే పదే దొరకడం వేరే సంగతి, అప్పుడు క్రిమినల్ ఫిర్యాదు దాకా వెళ్తుంది, జర్మన్ శిక్షాస్మృతిలో 265ఏ సెక్షన్ దానికోసమే ఉంది. కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని రాత్రంతా నిద్ర మానుకోవద్దు. చెకింగ్‌కి వచ్చినవాళ్ళని వాళ్ళ గుర్తింపు కార్డు చూపించమని మీరూ అడగొచ్చు.

అపోహ: "జర్మన్ రాకపోతే ఒంటరిగా వెళ్ళలేం."

భాష కంటే తలుపు ముఖ్యం. నవ్వకండి, నిజం చెప్తున్నాను. రైలు ఆగగానే తలుపు దానంతటదే తెరుచుకుంటుందని చాలామంది నిలబడి చూస్తూ ఉంటారు. తలుపు మీద గుండ్రటి బటన్ ఉంటుంది, దాని చుట్టూ లైటు వెలిగాక నొక్కితేనే తెరుచుకుంటుంది. ఒక మాస్టారు, మా వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, తలుపు ముందు బ్యాగు పట్టుకుని నిలబడే ఉన్నారు, రైలు కదిలిపోయింది. తర్వాతి స్టేషన్లో దిగి గంట కూర్చున్నారు. కొన్ని చిన్న స్టేషన్లలో అయితే లోపలి నుంచి ముందుగా బటన్ నొక్కకపోతే రైలు ఆగదు కూడా. ఇవి తెలిస్తే మిగతాదంతా బోర్డులు, అంకెలే.

అపోహ: "యాప్‌లో బస్సు చూపించింది కాబట్టి బస్సు వస్తుంది."

పల్లెల్లో రూఫ్‌బుస్ అని ఒకటుంది. ముందుగా ఫోన్ చేసి చెప్తేనే వచ్చే బస్సు. టైంటేబుల్‌లో మామూలు బస్సులాగే కనిపిస్తుంది, పక్కన చిన్న అక్షరాల్లో మాత్రమే ఉంటుంది ఆ ముక్క. ఇక్కడికి వచ్చిన మొదటి నవంబరులో ఒక ఊరి బస్టాప్‌లో రెండు గంటలు చలిలో నిలబడ్డాను, ఆ అక్షరాలు చదవక. కొత్తవాళ్ళు స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగే ఊళ్ళే ఎంచుకోండి. శని, ఆదివారాల్లో పట్టాల పనుల వల్ల రైలు బదులు బస్సు వేస్తారు, దాన్ని ఎస్ఈవీ అంటారు. అది స్టేషన్ గుమ్మం ముందే ఆగాలని లేదు. బయలుదేరే ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున ఇంకోసారి యాప్ చూడండి.

"చిన్న ఊళ్ళలో మన రంగు చూసి ఏమైనా అంటారేమో" అని మెల్లగా అడుగుతారు, ముఖ్యంగా ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలు. అదంతా అబద్ధం అని నేను చెప్పను. తేరిపార చూసేవాళ్ళు ఉంటారు, నోరు జారేవాళ్ళు కూడా అక్కడక్కడా ఉన్నారు. అందుకే మొదటి రెండుమూడు ప్రయాణాలకి పగటిపూట, యాత్రికులు బాగా వచ్చే ఊళ్ళకే పంపుతాను. ఏదైనా జరిగితే పోలీసులు 110, అంబులెన్స్ 112. భయం ఉన్నా తప్పేం లేదు, తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. శాకాహారులకి ఏమీ దొరకదనడం పాత మాట. సోమవారం వెళ్ళకండి, చాలా మ్యూజియాలు మూసి ఉంటాయి, పోట్స్‌డామ్‌లో సాన్‌సూసీ ప్యాలెస్ కూడా మూస్తారు (తోట మాత్రం తెరిచే ఉంటుంది. ఆ ప్యాలెస్ కట్టించిన ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సమాధి అక్కడే, దాని మీద జనం బంగాళాదుంపలు పెడతారు, చూసి రండి). ఆదివారం సూపర్ మార్కెట్లు ఉండవు, నీళ్ళు, పులిహోర వెంట తీసుకెళ్ళండి. కొన్ని చిన్న కేఫ్‌లలో కార్డు తీసుకోరు, చేతిలో చిల్లర ఉంచుకోండి.

ఆంటీ సంగతి చెప్పాలి. రెండు రోజులు మాట్లాడించి, ఆవిడ పేరు మీదే డాయిష్‌లాండ్ టికెట్ తీయించి, నిన్న ల్యూబెనౌ పంపాను. అది సీ జోన్ కూడా దాటిపోయిన ఊరు, ఏబీసీ టికెట్ అక్కడికి చెల్లదు. రైల్లో గంట. స్టేషన్ బోర్డు మీద రెండు భాషలుంటాయి, కింద అక్కడ తరతరాలుగా ఉంటున్న సోర్బ్ అనే జనం భాషలో లుబ్న్యోవ్ అని. అక్కడి నుంచి నడిచి రేవుకి వెళ్తే అడుగు చదునుగా ఉన్న పడవలు, వెనక ఒక మనిషి నిలబడి గడ వేస్తూ నడుపుతాడు. పక్కనే లేడ అనే పల్లెలో వేసవి నెలల్లో ఉత్తరాలు కూడా పడవలోనే పంచుతారు, 1897 నుంచీ అంతే.

మూడింటికి ఫోన్ చేశారు. "మా లంకల్లో గడ వేసినట్టే వేస్తున్నాడే అమ్మా" అన్నారు. ఉడికించిన బంగాళాదుంపలు, క్వార్క్ అనే గట్టి పెరుగు, అవిసె నూనె తిన్నారట, కాస్త ఉప్పు తక్కువైందన్నారు. రైలు తలుపు బటన్ తనే నొక్కారట, వెనక నిలబడ్డ ఇద్దరికి చూపించారట కూడా. అక్కడి దోసకాయల ఊరగాయ రెండు సీసాలు కొన్నారు, విమానంలో తీసుకెళ్ళనిస్తారా అని అడిగారు. చేతి సంచిలో వద్దు, నీళ్ళలో ఊరినవి కాబట్టి సెక్యూరిటీ దగ్గర తీసేయొచ్చు, చీరల మధ్య చుట్టి పెద్ద సూట్‌కేసులో పెట్టమన్నాను.