రివర్స్ పడలేదంటే గేర్‌బాక్స్ పోయినట్టేనా? పాత డాడ్జ్ క్యాంపర్లపై అపోహలు - వాస్తవాలు

1970లు, 80ల నాటి డాడ్జ్ బి-సిరీస్ వ్యాన్ల మీద కట్టిన క్యాంపర్లు (లోపల పడుకుని, వండుకుని ప్రయాణించే బళ్లు) అమెరికాలో ఇంకా తిరుగుతున్నాయి. చాలావాటిలో ఉండేది మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టార్క్‌ఫ్లైట్ 727. మొండిది, అంత తేలిగ్గా చావదు. అయినా చలికాలం పోగానే అదే గోల: "ఇంజన్ స్టార్ట్ అయింది, రివర్స్ వేస్తే కదలట్లేదు, కింద ఎర్రటి మడుగు కట్టింది." చూసినవాళ్లంతా గేర్‌బాక్స్ అయిపోయిందని తేల్చేస్తారు.

అపోహ: కదలకపోతే విప్పి కట్టించాల్సిందే

కంగారు పడకండి. వారాల తరబడి నిలబడ్డ 727లో టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఆయిల్ మెల్లగా ప్యాన్‌లోకి, అంటే గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పళ్లెంలోకి, దిగిపోతుంది. కన్వర్టర్ ఖాళీగా ఉంటే ఇంజన్ ఎంత తిరిగినా చక్రాలకు బలం అందదు. ప్యాన్‌లో మట్టం గేర్ లివర్ షాఫ్ట్ సీల్ దాకా లేస్తుంది. సీల్ పాతదైతే అక్కణ్ణించే కారుతుంది. కదలకపోవడానికీ మడుగుకీ కారణం ఒకటే అన్నమాట.

హ్యాండ్‌బ్రేక్ లాగండి, చక్రాల కింద దిమ్మలు పెట్టండి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి 20 సెకన్లు ఐడిల్‌లో వదలండి. పార్క్‌లో కాదు! ఈ గేర్‌బాక్స్ పార్క్‌లో ఉంటే కన్వర్టర్‌కు ఆయిల్ వెళ్లదు. గంటసేపు నడిపినా నిండదు. గేర్ పడాలని యాక్సిలరేటర్ తొక్కితే ఉన్న క్లచ్‌లు కూడా కాలతాయి.

ఆయిల్ చూసేదీ న్యూట్రల్‌లోనే: బండి వేడెక్కాక, చదును నేల మీద, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా. పార్క్‌లో చూస్తే మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. నిండుగా ఉందనుకుని తక్కువ ఆయిల్‌తో కొండలెక్కిస్తారు. డిప్‌స్టిక్ మీది రెండు గీతల మధ్య తేడా సుమారు అర లీటరు. కొంచెం కొంచెంగానే పోయండి.

వేడెక్కాక కూడా ప్రతిసారీ ఆలస్యంగా పడుతుంటే మాత్రం వేరే జబ్బు. ఆయిల్ తక్కువో, ఫిల్టర్ మూసుకుందో, క్లచ్ సీళ్లు గట్టిపడ్డాయో చూడాలి. షాపుకి తీసుకెళ్లేముందు ఈ లెక్క వేసుకోండి:

- రివర్స్, మూడో గేర్ రెండూ లేవా? ముందు క్లచ్.
- రివర్స్ లేదు, 1లో పెట్టి యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ బండిని పట్టట్లేదా? వెనక బ్యాండ్ (లోపలి డ్రమ్ చుట్టూ బిగిసే పట్టీ). దాని సర్దుబాటు స్క్రూ ప్యాన్ లోపల ఉంటుంది.
- రివర్స్ బాగుంది, ముందుకి అసలు పోవట్లేదా? వెనక క్లచ్.
- రెండో గేర్ ఒక్కటే జారుతోందా? ముందు బ్యాండ్. స్క్రూ గేర్‌బాక్స్ ఎడమ పక్కన బయటే ఉంది. 72 ఇంచ్-పౌండ్లకు బిగించి, మాన్యువల్ చెప్పినన్ని చుట్లు (ఎక్కువగా రెండున్నర) వదలాలి. స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్‌నట్ బిగించండి.

అపోహ: కార్బ్యురేటర్ మార్చినప్పుడు కిక్‌డౌన్ రాడ్ తగిలించకపోయినా పర్లేదు

ఇది నిజంగానే గేర్‌బాక్స్‌ని చంపుతుంది. కార్బ్యురేటర్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే ఆ రాడ్ పని గేర్ దించడం ఒక్కటే కాదు. మీరెంత తొక్కారో చెప్పి లోపలి ఆయిల్ ఒత్తిడి పెంచేది అదే. అది లేకపోతే గేర్లు తొందరగా పడతాయి, మెత్తగా హాయిగా అనిపిస్తాయి కూడా. బరువైన క్యాంపర్‌ని ఎత్తు ఎక్కించేసరికి ఒత్తిడి చాలక క్లచ్‌లు జారి కాలిపోతాయి. కార్బ్యురేటర్ పూర్తిగా తెరిచినప్పుడు గేర్‌బాక్స్ దగ్గరి లివర్ కూడా చివరిదాకా వెనక్కి పోవాలి. ఇంజన్ ఆపి, ఒకరు లోపల తొక్కుతుంటే ఇంకొకరు కిందినుంచి చూస్తే చాలు.

మిగతావి

వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజన్ వాక్యూమ్‌ని బట్టి ఆయిల్ ఒత్తిడి సర్దే పార్ట్) పోయిందంటారా? అది ఫోర్డ్ సి6, జీఎం టర్బో 400 గేర్‌బాక్స్‌లలో ఉంటుంది. 727లో ఆ పార్టే లేదు.

పాత బండికి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ చస్తుందంటారు. అప్పటికే కాలిన క్లచ్‌లున్న బండికి మార్చి, తర్వాత పోతే నింద కొత్త ఆయిల్ మీద వేస్తారు. ప్యాన్ అడుగున సన్నటి బూడిదరంగు పేస్టు మామూలే. మెరిసే రేకులు, నల్లటి క్లచ్ పొడి గుట్టలుగా ఉంటేనే భయపడాలి. ప్యాన్ దించితే సుమారు నాలుగు క్వార్ట్‌లే (నాలుగు లీటర్లకు కాస్త తక్కువ) వస్తాయి, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. ఫిల్టర్ మార్చి, ప్యాన్ బోల్టులు 150 ఇంచ్-పౌండ్లకు బిగించండి. అంతకు మించితే గ్యాస్కెట్ నలిగి మళ్లీ కారుతుంది.

సీసాలో అమ్మే "జారుడు ఆపే" మందులా? ఆ డబ్బు ఫిల్టర్‌కి పెట్టండి.