విడిపోయిన ప్రేమికుల సీన్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఉంటూ, హైదరాబాద్‌లో తీసే సీరియళ్లకు డైలాగులు రాస్తాను. విడిపోయిన ప్రేమికులు మళ్లీ ఎదురుపడే ట్రాక్ మొదలైతే చాలు, తెలిసినవాళ్లూ, కొత్తగా రాయాలని వచ్చే పిల్లలూ అవే మాటలంటారు. ఆ సీన్లంటే నాకు ప్రాణం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇద్దర్నీ ఒంటరిగా ఒక గదిలో పెడితే టెన్షన్ పుడుతుంది.

వాస్తవం: ఒంటరిగా ఉంటే మాట్లాడేసుకుంటారు. తిట్టుకుని, ఏడ్చి, తేలికపడతారు. టెన్షన్ కావాలంటే ఏమీ తెలియని మూడో మనిషి పక్కనుండాలి. తిరుచానూరులో ఒక పెళ్లి అనుకోండి. బంతిలో అతను, పక్కన భార్య. అతని పాత ప్రేయసి పెళ్లికూతురి తరఫు మనిషి, వడ్డనకు సాయం వచ్చింది. గుత్తివంకాయ వేసుకుంటూ వరసగా వస్తూ, అతని ఆకు దాటేసి పక్క ఆకులో వేసింది. వంకాయ తింటే అతనికి ఒళ్లంతా దద్దుర్లు. తను ఆలోచించేలోపే చెయ్యి దాటిపోయింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఊరుకోడు: “ఏం పాపా, ఆయప్పకు ఎయ్యకుండానే పోతాండావే?” ‘ఆయనకు పడదు’ అనబోయిన భార్య నోట్లో మాట నోట్లోనే ఆగిపోతుంది. తను చెప్పాల్సింది వడ్డించే మనిషికి ముందే తెలుసు! గిన్నెలో ఇంకా సగం కూర ఉంది. ఆమె మాత్రం “అయిపోయింది, తెస్తా” అని వెళ్లిపోతుంది. ప్రేమ గురించి ఒక్క ముక్క లేదు. వారానికి సరిపడా కథ మాత్రం ఉంది.

అపోహ: భార్య చెడ్డదైతేనే కథ రక్తి కడుతుంది.

వాస్తవం: చెడ్డదైతే చూసేవాళ్లు మొదటిరోజే తీర్పు చెప్పేస్తారు. మంచిదైతే ఎవరి పక్షానా నిలబడలేక రేపటి కోసం చూస్తారు.

అపోహ: కోపం కనిపించిందంటే ప్రేమ చచ్చిపోయినట్టే.

వాస్తవం: మన ఊళ్లో ఇది వేరే చెప్పాలా? తిరుమలలో వైకుంఠ ఏకాదశి తర్వాత ఆరో రోజు ప్రణయ కలహోత్సవం చేస్తారు. స్వామి ఒకవైపు, అమ్మవార్లు ఎదురుగా. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్ తమిళ పాశురాలతో నిందాస్తుతి, అంటే తిడుతున్నట్టే పొగడటం, సాగుతుంది. అమ్మవార్ల తరఫున పూలచెండ్లు విసిరితే స్వామి పల్లకి భయపడినట్టు వెనక్కి జరుగుతుంది. అలంకార శాస్త్రం చెప్పిన అష్టవిధ నాయికల్లో కలహాంతరిత కూడా ఉంది. ప్రియుణ్ని తనే కసిరి పంపేసి, వెళ్లాక కుమిలిపోయే మనిషి. మాజీ ప్రేయసి పాత్ర రాసేముందు నేను తేల్చుకునేది ఇదే: ఆమె కోపం అతని మీదా, పోనిచ్చిన తన మీదా? నిజంగా ప్రేమ పోయిన మనిషి కోప్పడదు. పలకరించి పక్కకెళ్లిపోతుంది. అక్కడ నాకు రాయడానికేమీ ఉండదు.

అపోహ: గ్లిజరిన్ ఉంటే చాలు, సీన్ పండుతుంది.

వాస్తవం: ఏడిస్తే చూసేవాళ్ల బరువు కూడా దిగిపోతుంది. ఆపుకుంటేనే వాళ్ల గొంతు పట్టేస్తుంది.

అపోహ: ఒక్క మాట చెప్పేస్తే తీరిపోయేదాన్ని నెలల తరబడి సాగదీస్తారు.

వాస్తవం: ఈ ఫిర్యాదులో సగం నిజముంది. తలుపు చాటున సగం విన్న మాటో, సమయానికి కట్టయిన ఫోనో అడ్డమైతే అది బలహీనమైన రాతే. చూసేవాళ్లకు విసుగు రావడం న్యాయం. మౌనం నిలబడాలంటే, నిజం చెబితే ఇంకొకరి బతుకు కదిలిపోవాలి. ఉదాహరణకు, ఆమె తండ్రి వచ్చి చేతులు పట్టుకుని బతిమాలితే అతను తప్పుకున్నాడు. ఇప్పుడు ఆ తండ్రి మంచాన పడ్డాడు, సేవలన్నీ కూతురే చేస్తోంది. “నన్నెందుకు వదిలేశావ్?” అని ఆమె అడిగినప్పుడు అతను నోరు విప్పితే ఆమెకు తండ్రి లేకుండా పోతాడు. ఇలాంటి మౌనాన్ని నెలలు నడిపినా ఎవరూ తిట్టరు.

అపోహ: చూపులన్నీ నటులవే, డైలాగులు రాసేవాళ్లకు అక్కడ పనిలేదు.

వాస్తవం: మన సీరియళ్లలో కర్ణాటక నుంచి వచ్చిన నటులు చాలామంది. తెలుగు రానివాళ్లకు సెట్లో పక్కనుంచి డైలాగులు అందిస్తారు, తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టు గొంతు కలుపుతారు. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. అందుకే ఎక్కడ ఆగాలో స్క్రిప్టులోనే రాస్తాను. “పిల్లలెంతమంది?” అని అడిగి, జవాబు వచ్చేలోపే ఆమె చూపు తిప్పుకోవాలని స్పష్టంగా పెడతాను. పెట్టకపోతే ఆ ఖాళీలో డబ్బింగ్‌లో ఒక నిట్టూర్పు వచ్చి చేరుతుంది.